మిరపకాయలో దొరికిన సి విటమిన్

వంకాయలు తరిగి ఉప్పు నీళ్లలో వేస్తాం. అరటికాయ ముక్కల్ని మజ్జిగ నీళ్లలో వేస్తాం. బయట వదిలేస్తే కాసేపటికే నల్లబడతాయని మన అమ్మమ్మల కాలం నుంచీ తెలుసు. యాపిల్ కోసి పెట్టినా అంతే. నిమ్మకాయ, నారింజ మాత్రం కోసి ఉంచితే ఎండిపోతాయేమో గానీ అలా నల్లబడవు. ఎందుకీ తేడా? వంటింట్లో మనం పట్టించుకోని ఈ ప్రశ్నను ఒక హంగేరీ డాక్టరు ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్నారు. చివరికి ఆయన చేతికి చిక్కింది సి విటమిన్. ఆయన పేరు ఆల్బర్ట్ సెంట్ జార్జి. 1937లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనదే.

ఇప్పుడు ఆయన కథ ఎందుకంటే, మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది చేతిసంచిలో బీపీ మాత్రల పక్కనే ఒక ‘యాంటీఆక్సిడెంట్’ డబ్బా కూడా ఉంటోంది. కొందరు డబ్బులు సరిపోక షుగరు మాత్ర ఒక పూట మానేసి, ఆ డబ్బా మాత్రం మానకుండా వాడుతున్నారు. మొక్కల నుంచి తీసింది కదా, మంచే చేస్తుందని నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ మొదలైందో, అందులో ఎంతవరకు నిజముందో సెంట్ జార్జి జీవితం చూస్తే బాగా అర్థమవుతుంది.

మందబుద్ధి అనుకున్న పిల్లాడు

సెంట్ జార్జి 1893 సెప్టెంబర్ 16న బుడాపెస్ట్‌లో పుట్టారు. తల్లి వైపు అందరూ పెద్ద చదువులవాళ్లే. మేనమామ మిహాయ్ లెన్‌హోషెక్ అప్పటికే పేరున్న శరీర నిర్మాణ శాస్త్ర ప్రొఫెసర్. చిన్నతనంలో ఆల్బర్ట్‌కు చదువు అబ్బలేదు. వీడికి పరిశోధనలు ఏం వస్తాయని మేనమామే పెదవి విరిచారు. పదహారేళ్లు దాటాక కుర్రాడికి పుస్తకాల మీద ఒక్కసారిగా ధ్యాస పుట్టింది. 1911లో మెడికల్ కాలేజీలో చేరారు. మేనమామ ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. ఆయనకు మొలల బాధ ఉండేది. అందుకని మేనల్లుడి తొలి పరిశోధన మలద్వారం లోపలి పొర మీద సాగింది! తన సైన్సు తప్పు కొస నుంచి మొదలైందని పెద్దయ్యాక సెంట్ జార్జి నవ్వుతూ చెప్పుకునేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో వైద్య సేవకుడిగా రెండేళ్లు కందకాల్లో గడిపారు. ఆ చావుల్లో అర్థం ఏమీ కనిపించలేదు. 1916లో తన ఎడమ చేతి ఎముకలోకి తానే తుపాకీ పేల్చుకుని, శత్రువు తూటా తగిలిందని చెప్పి ఇంటికి వచ్చేశారు. చెయ్యి మానేలోపు డాక్టరు చదువు పూర్తి చేశారు. 1917లో కొర్నేలియాతో పెళ్లయింది. మరుసటి ఏడాది కూతురు నెల్లీ పుట్టింది.

యుద్ధం తర్వాత హంగేరీ చితికిపోయింది. భార్యాబిడ్డలతో ప్రేగ్, బెర్లిన్, హాంబర్గ్, లైడెన్ అంటూ ఊళ్లు తిరిగారు. 1922లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ చేరుకున్నారు. మనం తిన్న ఆహారం శరీరంలో ఎలా మండి శక్తిగా మారుతుందన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. ఆ మంటనే ఆక్సీకరణ అంటారు. దాన్ని అర్థం చేసుకోవడానికి ఆయన బంగాళదుంపలు, పండ్లు నల్లబడటాన్ని ఎంచుకున్నారు.

కాసేపు ఆగే నీలం రంగు

కోసిన వంకాయ, యాపిల్ నల్లబడటానికి కారణం కణాలు తెగడమే. కణాల్లో విడివిడిగా ఉన్న ఎంజైమ్‌కు, ఫినాల్ జాతి రసాయనాలకు గాలిలోని ఆక్సిజన్ తోడై గోధుమ రంగు పదార్థం తయారవుతుంది. నిమ్మ జాతి మొక్కల్లో అలా జరగదు. వాటిలో ఉన్న మరో ఎంజైమ్‌ను సెంట్ జార్జి పరీక్షించారు. శుద్ధి చేసిన ఎంజైమ్‌కు పెరాక్సైడ్, బెంజిడిన్ కలిపితే వెంటనే నీలం రంగు రావాలి. వచ్చింది. శుద్ధి చేయని మామూలు పండ్ల రసం వాడినప్పుడు మాత్రం రంగు ఓ క్షణం ఆగి వచ్చింది.

ఆ క్షణం ఆలస్యాన్ని ఇంకొకరైతే పట్టించుకునేవారు కాదేమో. రసంలోని ఏదో పదార్థం ముందుగా తాను ఆక్సీకరణ చెందుతూ పక్కవాటిని కాపాడుతోందని ఆయన గ్రహించారు. అది ఖర్చయిపోయేదాకా రంగు రాదు. ఈ రోజు డబ్బాల మీద పెద్ద అక్షరాలతో కనిపించే యాంటీఆక్సిడెంట్ అన్న మాటకు అసలు అర్థం ఇదే.

ఇదే సమయంలో ఆయనకు మరో ఆలోచన వచ్చింది. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు చెడిపోతే అడిసన్స్ వ్యాధి వస్తుంది. ఆ రోగుల చర్మం నల్లబడుతుంది. కోసిన పండు నల్లబడటం, ఈ చర్మం నల్లబడటం ఒకే కోవకు చెందినవేమో అనుకున్నారు. నిజానికి కాదు. అడిసన్స్‌లో చర్మం నల్లబడేది మెదడు కింది పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు పెరగడం వల్ల. అయినా ఆ తప్పు పోలికే ఆయన్ని సరైన చోటికి తీసుకెళ్లింది. అడ్రినల్ గ్రంథుల్లో వెతికితే నిమ్మరసంలోని పదార్థం లాంటిదే కనిపించింది. మన శరీరంలో సి విటమిన్ బాగా నిల్వ ఉండే చోట్లలో ఆ గ్రంథులు ఒకటని ఇప్పుడు మనకు తెలుసు.

గ్రోనింగెన్‌లో ఆయనకు అండగా ఉన్న ప్రొఫెసర్ పోయారు. ఉద్యోగం నిలిచే దారి లేదు. భార్యనీ కూతుర్నీ హంగేరీ పంపేశారు. ఇక సైన్సుకు ఇదే ఆఖరు అనుకుంటూ స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ ఫిజియాలజీ మహాసభకు వెళ్లారు. అక్కడ కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్ తన ప్రసంగంలో ఈ అనామకుడి పేరు ప్రస్తావించారు. విటమిన్ల పరిశోధనకు తర్వాత 1929లో నోబెల్ అందుకున్న హాప్కిన్స్ ఈయనే. సెంట్ జార్జి వెళ్లి పరిచయం చేసుకుంటే, కేంబ్రిడ్జ్ రమ్మన్నారు. రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ కూడా దక్కింది.

కేంబ్రిడ్జ్‌లో అడ్రినల్ గ్రంథుల నుంచి, నారింజ రసం నుంచి, క్యాబేజీ నుంచి ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా తీశారు. అది చక్కెరల కుటుంబానిదే గానీ ఏ చక్కెరో తెలియదు. దాంతో ఇగ్నోజ్ అని పేరు పెట్టారు, తెలియని చక్కెర అన్న అర్థంలో. పత్రిక సంపాదకుడికి ఆ వేళాకోళం నచ్చలేదు. మరో పేరు అడిగితే గాడ్‌నోజ్ అని రాసి పంపారు, దేవుడికే ఎరుక అన్నట్టు. అదీ తిరిగొచ్చింది. చివరికి 1928లో హెక్స్యురోనిక్ ఆమ్లం అన్న బుద్ధిమంతుడి పేరుతో అచ్చయింది.

రసాయన నిర్మాణం తేల్చాలంటే ఇంకా చాలా సరుకు కావాలి. అందుకోసం అమెరికాలోని మేయో క్లినిక్‌కు వెళ్లారు. అక్కడి కబేళాల నుంచి పశువుల అడ్రినల్ గ్రంథులు తెప్పించుకుని నెలల తరబడి శ్రమిస్తే 25 గ్రాముల దాకా చేతికొచ్చింది. కొంత ఇంగ్లండ్‌లోని వాల్టర్ హావర్త్‌కు పంపారు. అదీ చాల్లేదు. మేయో క్లినిక్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రాత్రి భోజనంలో మిరపకాయ

హంగేరీ విద్యామంత్రి పిలుపుతో సెంట్ జార్జి స్వదేశం వచ్చి సెగెడ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. 1931లో అమెరికా నుంచి జోసెఫ్ స్విర్‌బెలీ అనే యువకుడు ఆయన దగ్గరికొచ్చారు. సి విటమిన్ వేటలోనే ఉన్న చార్లెస్ గ్లెన్ కింగ్ అనే అమెరికన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. ఆహారంలో సి విటమిన్ ఉందో లేదో గినీ పందులతో తేల్చడం అతనికి తెలుసు. మనలాగే గినీ పందుల శరీరం కూడా సి విటమిన్‌ను సొంతంగా తయారు చేసుకోలేదు. అది లేని తిండి పెడితే కొన్ని వారాల్లో స్కర్వీతో చనిపోతాయి. రోజుకు ఒక్క మిల్లీగ్రాము హెక్స్యురోనిక్ ఆమ్లం ఇచ్చిన జంతువులు మాత్రం హాయిగా ఉన్నాయి.

నావికుల పళ్లు ఊడగొట్టి, చిగుళ్ల నుంచి రక్తం కార్పించి, పాత గాయాల్ని మళ్లీ తెరిచి చంపిన స్కర్వీని నిమ్మ, నారింజలు నయం చేస్తాయని 1747లోనే జేమ్స్ లిండ్ ఓడ మీద చూపించారు. ఆ పండ్లలో ఉన్నది ఏమిటో తెలియడానికి ఇంకో 185 ఏళ్లు పట్టింది. 1932 ఏప్రిల్‌లో కింగ్ బృందం, సెంట్ జార్జి బృందం రెండు వారాల తేడాతో ఆ సంగతి ప్రచురించాయి. ముందు ఎవరు కనుక్కున్నారన్న తగాదా చాలాకాలం నడిచింది. దాని జోలికి మనం వెళ్లొద్దు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. గ్రంథుల నుంచి తెచ్చుకున్న సరుకు అయిపోయింది. నిమ్మ, నారింజల్లో చక్కెరలు ఎక్కువ కాబట్టి వేరు చేయడం కష్టం. ఒక రాత్రి కొర్నేలియా భోజనంలోకి తాజా ఎర్ర మిరపకాయలు వడ్డించారు. ఆయనకు తినాలనిపించలేదు. తినను అని చెప్పలేక, దీన్ని ఇంతవరకు పరీక్షించలేదు కదా అంటూ పళ్లెం పట్టుకుని ల్యాబ్‌కు వెళ్లిపోయారు. అర్ధరాత్రికల్లా అది సి విటమిన్ గని అని తేలిపోయింది. సెగెడ్ అంటేనే పాప్రికా మిరపకు పేరున్న ఊరు. ఊరి చుట్టూ ఉన్న పంటే మందు అయింది. కొద్ది వారాల్లో గ్రాములు పోయి కిలో, కిలోన్నర దాకా స్ఫటికాలు పోగయ్యాయి. అడిగిన శాస్త్రవేత్తలకు పంపారు. హావర్త్ నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారు చేశారు. ఇద్దరూ కలిసి దానికి ఆస్కార్బిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. స్కర్వీని రానివ్వనిది అని అర్థం. 1937లో ఆయనకు వైద్యశాస్త్రంలో, హావర్త్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చాయి.

పాప్రికా, మన గుంటూరు మిరప ఒకే జాతి మొక్కలు. అయితే ఎండుమిర్చిలో ఆ విటమిన్ కోసం వెతక్కండి. ఎండబెడితే చాలావరకు పోతుంది. పచ్చిగా తినే క్యాప్సికమ్, కూరలో చివర్లో వేసిన పచ్చిమిర్చి నయం.

పి విటమిన్: వచ్చిందీ, పోయిందీ

నాకు ఈయన జీవితంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఈ ఘట్టం. రక్తనాళాల గోడలు పలచబడి చర్మం కింద రక్తం చిమ్మే రోగులకు సగం శుద్ధి చేసిన మిరప, నిమ్మ సారాలు పనిచేసినట్టు కనిపించాయి. పూర్తిగా శుద్ధి చేసిన సి విటమిన్ ఇస్తే పని చేయలేదు. అంటే రసంలో ఇంకేదో ఉండాలి. 1936లో ఇస్త్వాన్ రుస్న్యాక్‌తో కలిసి ఆ ఇంకేదో ఫ్లేవనాయిడ్ జాతి పదార్థాలని ప్రకటించి పి విటమిన్ అన్నారు. ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, బత్తాయి, నారింజ తొక్కల్లోని హెస్పెరిడిన్ ఈ కుటుంబానివే. ఈ రోజు యాంటీఆక్సిడెంట్ల పేరుతో అమ్ముడయ్యే సగం సరుకుకు మూలపురుషుడు ఈ పి విటమిన్.

పేరు పెట్టడంలోనూ ఆయన జాగ్రత్త కనిపిస్తుంది. ఇది నిజంగా విటమినో కాదో ఆయనకే అనుమానం. అందుకే విటమిన్ల వరుసలో అప్పటికి ఎవరూ చేరని దూరపు అక్షరం ఎంచుకున్నారు, కాదని తేలితే గొడవ లేకుండా తీసేయొచ్చని. అలాగే జరిగింది. ఇతర ల్యాబ్‌లలో ఆ ఫలితాలు నిలవలేదు. ఫ్లేవనాయిడ్లు తినకపోతే వచ్చే జబ్బంటూ ఏదీ కనిపించలేదు. 1950లో అమెరికా శాస్త్రవేత్తల సంఘాలు పి విటమిన్ అన్న పేరు వదిలేయాలని సూచించాయి.

స్కర్వీ రోగికి సి విటమిన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే చిగుళ్ల రక్తం ఆగుతుంది. కారణమూ తెలుసు. చర్మం, చిగుళ్లు, రక్తనాళాల్ని కలిపి ఉంచే కొల్లాజెన్ గట్టిపడాలంటే సి విటమిన్ ఉండాలి. లోటు ఉంది, లోటు తీర్చాం, జబ్బు పోయింది. ఫ్లేవనాయిడ్ల విషయంలో ఆ లోటన్నదే లేదు. పండ్లు, కూరగాయలు బాగా తినేవారికి గుండె జబ్బులు తక్కువగా ఉంటాయన్నది నిజమే. ఆ మేలు ఫ్లేవనాయిడ్లదా, పీచుదా, పొటాషియానిదా, ఉప్పూ నూనే తగ్గడానిదా అన్నది విడదీయడం చాలా కష్టం. గాజు గొట్టంలో ఆక్సీకరణను ఆపిన పదార్థం మన ఒంట్లో జబ్బును ఆపుతుందని అనుకోవడానికి లేదు.

యుద్ధం, వలస, ఒంటరితనం

నోబెల్ తర్వాత ఆయన కండరాల వైపు మళ్లారు. ఇలోనా బాంగా, బ్రూనో స్ట్రౌబ్‌లతో కలిసి కండరం ముడుచుకోవడానికి కారణమైన ఆక్టిన్, మయోసిన్ ప్రొటీన్ల గుట్టు విప్పారు. అదే మరో నోబెల్‌కు సరిపడే పని అని నా అభిప్రాయం. నోబెల్ బంగారు పతకాన్ని 1940లో యుద్ధబాధిత ఫిన్లాండ్ సహాయానికి ఇచ్చేశారు. నాజీలంటే ఆయనకు గిట్టేది కాదు. 1943లో ఉపన్యాసం నెపంతో ఇస్తాంబుల్ వెళ్లి, హంగేరీని హిట్లర్ పట్టు నుంచి తప్పించడానికి మిత్రరాజ్యాల వారితో రహస్యంగా మాట్లాడారు. ఆ సంగతి జర్మన్లకు పొక్కింది. హిట్లర్ ఆయన మీద మండిపడ్డాడు. గృహనిర్బంధం నుంచి తప్పించుకుని యుద్ధం ముగిసేదాకా దాక్కుని బతికారు. తర్వాత సోవియట్ నీడలోని హంగేరీలో ఇమడలేక 1947లో అమెరికా వెళ్లిపోయారు. మసాచుసెట్స్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న వుడ్స్ హోల్ ఆయనకు ఆఖరి మజిలీ.

1941లో పెళ్లాడిన రెండో భార్య మార్తా 1963లో క్యాన్సర్‌తో పోయారు. 1969లో కూతురు నెల్లీనీ క్యాన్సరే తీసుకెళ్లింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. మిగిలిన జీవితం క్యాన్సర్ మీదే గడిపారు. కణాల పెరుగుదలను అదుపులో పెట్టే రెటీన్ అనే పదార్థం ఉందన్నారు. ఎలక్ట్రాన్ల కదలికలోనే క్యాన్సర్ కీలకం ఉందన్నారు. ప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. పత్రికలో ఆయన గురించి చదివి ఒక న్యాయవాది 25 డాలర్లు పంపితే, నోబెల్ గ్రహీత స్వయంగా కృతజ్ఞతగా ఉత్తరం రాశారు. ఆ పరిచయంతోనే 1973లో క్యాన్సర్ పరిశోధనకు ఒక జాతీయ ఫౌండేషన్ ఏర్పడింది. ఆయన ఆశించిన మందు మాత్రం రాలేదు. 1986 అక్టోబర్ 22న, 93వ ఏట వుడ్స్ హోల్‌లో కన్నుమూశారు.

సి విటమిన్‌తో క్యాన్సర్‌ను ఎదుర్కోవచ్చన్న వాదన అదే కాలంలో మరొకరి ద్వారా ప్రపంచమంతా పాకింది. ఆయన రెండు నోబెల్‌ల లైనస్ పౌలింగ్. రోజుకు 10 గ్రాముల సి విటమిన్ ఇస్తే చివరి దశ క్యాన్సర్ రోగులు ఎక్కువ కాలం బతికారని పౌలింగ్, ఇవాన్ కామెరాన్ 1976లో రాశారు. పోల్చింది పాత ఆస్పత్రి రికార్డుల్లోని రోగులతో. సెంట్ జార్జి ఒకప్పుడు కబేళా గ్రంథులతో కుస్తీ పట్టిన మేయో క్లినిక్‌లోనే వైద్యులు దాన్ని సరిగ్గా పరీక్షించారు. ఎవరికి విటమిన్, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది ఎవరికీ తెలియకుండా ఇచ్చారు. 1979లో ఒకసారి, 1985లో మరోసారి ఫలితాలు వచ్చాయి. రెండుసార్లూ తేడా లేదు.

మరి మనం ఎంత తినాలి?

జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం రోజుకు మగవారికి 80 మిల్లీగ్రాములు, ఆడవారికి 65 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇంకొంచెం ఎక్కువ. ఒక మాదిరి జామకాయలో దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఒక్క కాయతో రెండు రోజుల అవసరం తీరుతుంది. ఉసిరి అంతకంటే మిన్న. మునగాకు, బొప్పాయి, బత్తాయి, మొలకెత్తిన పెసలు ఉండనే ఉన్నాయి. ఇది నీళ్లలో కరిగిపోతుంది, వేడికి చెడుతుంది. కాబట్టి కూరలు కడిగాకే తరగండి. ఉడికించిన నీళ్లు పారబోయకండి. ఆకుకూర పప్పులో నిమ్మరసం దింపాకే పిండండి. ఆ నిమ్మరసం పప్పులోని, ఆకుకూరలోని ఐరన్ ఒంటికి పట్టేలా కూడా చేస్తుంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు నేను తప్పకుండా చెప్పే మాట ఇది.

రోజుకు 200 మిల్లీగ్రాములు అందితే రక్తంలో సి విటమిన్ దాదాపు నిండుకుండలా ఉంటుంది. ఒకేసారి గ్రాముకు మించి మింగితే సగం కూడా పట్టదు. రోజూ వాడేవారికి జలుబు రావడం తగ్గదు, వచ్చిన జలుబు పెద్దల్లో సుమారు 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా తగ్గుతుంది. వారం జలుబులో పెద్దలకు మిగిలేది సగం రోజు. జలుబు మొదలయ్యాక వేసుకుంటే ఆ లాభమూ నిలకడగా కనిపించలేదు. కొవిడ్ రోజుల్లో ఇళ్లకు ఇళ్లే చప్పరించిన మాత్రల సంగతీ అంతే. ఇంట్లో ఉండి కోలుకునే రోగులకు రోజుకు 8 గ్రాములు ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనంలో చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు.

పనిచేయకపోతే పోనీ, నష్టమేముందని అడుగుతారు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవారి మీద బీటా కెరోటిన్ మాత్రల్ని పరీక్షించారు. క్యారెట్‌కు రంగునిచ్చే యాంటీఆక్సిడెంట్ ఇది. 1994లో ఫలితం చూసి అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో విటమిన్ ఇ మాత్రలు వాడిన మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగినట్టు 2011లో తేలింది. సి విటమిన్ ఇంత ప్రమాదకరం కాదు గానీ, రోజుకు 2 గ్రాములు దాటితే విరేచనాలు పట్టుకుంటాయి. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లకు దారితీయొచ్చు. థలసీమియా వంటి జబ్బులతో ఒంట్లో ఐరన్ పేరుకున్నవారు, జి6పీడీ లోపం ఉన్నవారు పెద్ద మోతాదుల జోలికి వెళ్లకూడదు. సెలైన్‌లో ఎక్కువ మోతాదు సి విటమిన్ ఎక్కించుకున్నాక కొన్ని గ్లూకోమీటర్లు షుగర్‌ను తప్పుగా చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రాణం మీదికి వస్తుంది.

కీమో, రేడియేషన్ తీసుకుంటున్నవారు యాంటీఆక్సిడెంట్ మాత్ర ఏదైనా మొదలుపెట్టే ముందు క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి. ఇప్పటికే వాడుతుంటే డబ్బా తీసుకెళ్లి చూపించండి. పళ్లు లేక అన్నం, చారుతోనే సరిపెట్టుకునే వృద్ధులకు, అతిగా మద్యం తాగేవారికి, పండూ కూరా ముట్టని మొండి పిల్లలకు ఇప్పటికీ స్కర్వీ రావొచ్చు. చిగుళ్లు వాచి రక్తం కారుతున్నా, కాళ్ల మీద వెంట్రుకల మొదళ్ల దగ్గర ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నా, పిల్లలు కాళ్ల నొప్పులతో నడవనని మారాం చేస్తున్నా డాక్టరుకు చూపించండి. స్కర్వీ అని తేలితే సి విటమిన్ మాత్రే మందు. అప్పుడు మేమే రాసిస్తాం.